నాలుగు చుక్కల క్యాపు

"లెక్కపెట్టు," అన్నాడు భీమరాజు. "నా కళ్ళకి మసక కమ్మిందేమో. నువ్వే లెక్కపెట్టు."

యెహెజ్కేలు లెక్కపెట్టలేదు. నూనెగుడ్డను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు, అంతే.

గోనెపట్టా మీద మెయిన్ క్యాపులు వరసగా ఉన్నాయి. క్రాంకు షాఫ్టును ఇంజను బ్లాకులో అదిమి పట్టి ఉంచే ఇనప దిమ్మలవి, ఒక్కోటీ పిడికిలికి కాస్త పెద్దది. ఏడు ఉండాలి. ఆరే ఉన్నాయి. మూడు చుక్కలదాని పక్కన అయిదు చుక్కలది కూర్చుంది.

ఆ సావిట్లో పశువులను కట్టడం మానేసి తొమ్మిదేళ్ళయింది. ఆరు నెలలుగా అక్కడ ఉన్నది అరవై రెండు మోడల్ బెంజి లారీ ఇంజను. తాటిదుంగల మీద బ్లాకు బోర్లా పడుకుంది. దూలానికి కట్టిన చైన్ పుల్లీకి క్రాంకు వేలాడుతోంది. రాజమండ్రి లేతులో సానపట్టించుకొచ్చాక అది చింతపండుతో తోమిన ఇత్తడి చెంబులా మెరుస్తోంది. లారీ మాత్రం బయట గడ్డిమేటు పక్కన, ముక్కు లోపల ఏమీ లేకుండా, పళ్ళు పీకించుకున్న ముసలాడిలా నిలబడి ఉంది.

ఈ పూట క్రాంకు దించాలి. పంచాంగం చూసి పదిన్నర అనుకున్నారు. భీమరాజు భార్య బంగారమ్మ పళ్ళెంలో కొబ్బరికాయ, పసుపు, కర్పూరం సర్ది గడపలో నిలబడింది. నిలబడి చాలాసేపయింది.

"శ్రీరామనవమినాడు మనిద్దరం కలిసి గ్రీజు పూసి గంగాళంలో పెట్టాం," అన్నాడు భీమరాజు. "ఏడూ పెట్టాం. అవునా?"

"ఆయ్."

"మూత నువ్వే వేశావు."

"ఆయ్."

"గంగాళం ఈ సావిడి దాటలేదు. నాలుగోది ఏది మరి?"

యెహెజ్కేలు నూనెగుడ్డ మడతపెట్టాడు.

ఇంజను విప్పేటప్పుడు ప్రతి క్యాపు మీదా, అది కూర్చునే చోట బ్లాకు మీదా పంచ్‌తో చుక్కలు కొట్టడం అతని పద్ధతి. ఒకటోదానికి ఒక చుక్క, ఏడోదానికి ఏడు. భీమరాజు దగ్గర క్లీనరుగా చేరిన రోజుల్లో అంకెలు రాక మొదలుపెట్టాడు. అంకెలు వచ్చాక కూడా మానలేదు. మండపేటలో ఏ పాత ఇంజను విప్పినా ఆ చుక్కలు కనిపిస్తే, ఇది యెహెజ్కేలు చెయ్యి పడ్డ బండి అని మేస్త్రీలు చెప్పుకుంటారు.

"పోనీ వేరే బండిది తెచ్చి బిగిద్దామా?"

"కుదరదండి."

"ఎందుకు కుదరదు?"

"మీకు తెలుసు కదండీ."

"నీ నోటితో చెప్పు."

యెహెజ్కేలు బ్లాకు వంక చూస్తూ చెప్పాడు. "క్యాపులు బ్లాకుకి బిగించి, రెండూ కలిపి గుండ్రంగా బోరు కొడతారండి. దేని క్యాపు దానికే. వేరేది వేస్తే క్రాంకు తిరగకుండా పట్టేస్తుంది. మళ్ళీ బోరు కొట్టిద్దామంటే బ్లాకులో దమ్ము లేదన్నాడు రాజమండ్రి మేస్త్రి."

"అంటే?"

"ఆ ఒక్కటీ లేకపోతే ఇంజను లేనట్టేనండి."

"అదీ," అన్నాడు భీమరాజు. అతని గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండేది. "పాతినుము వాడు ఎత్తుకుపోతే ఏడూ పట్టుకుపోతాడు, గంగాళంతో సహా. ఒక్కటే పోయిందంటే అమ్ముకోడానికి కాదు. ఇంకే బండికీ పనికిరాదు గనక. ఈ బండి మళ్ళీ రోడ్డెక్కకూడదని తీశారు. ఒక్కటి తీస్తే చాలని తెలిసినవాడు తీశాడు. ఆ సంగతి తెలిసినవాళ్ళం ఈ ఇంట్లో ఇద్దరమే. నేను తీయలేదు."

గడపలో పళ్ళెం చిన్నగా మోగింది. కొబ్బరికాయ పక్కకు దొర్లింది.

"సంచి విప్పవయ్యా," అన్నాడు భీమరాజు.

యెహెజ్కేలు అప్పుడు తలెత్తాడు. సంచి మాటకు కాదు. నలభై ఏళ్ళలో రాజుగారు అతన్ని 'ఒరే' అన్నారు, 'ఏరా' అన్నారు, రాయగడ ఘాటులో బ్రేకులు పోయినప్పుడు 'నాయనా' అని కూడా అన్నారు. 'అయ్యా' అనడం ఇదే మొదలు.

అతను సంచి తెచ్చి గోనెపట్టా మీద బోర్లించాడు. స్పానర్లు, ఫీలర్ గేజీ, చుక్కలు కొట్టే పంచ్, పొగాకు కాడ, భార్య ఏసమ్మ కట్టిచ్చిన టిఫిను డబ్బా. డబ్బా మూత కూడా తీసి చూపించాడు. చద్దన్నం, మామిడికాయ ముక్క.

"చూసుకోండి," అన్నాడు. సామాను మళ్ళీ సంచిలో వేసుకోలేదు. ఖాళీ సంచీ, టిఫిను డబ్బా మాత్రం తీసుకుని, గడపలో నిలబడ్డ బంగారమ్మ పక్కనుంచి వెళ్ళిపోయాడు. ఇద్దరూ ఒకరి వంక ఒకరు చూసుకోలేదు.

అప్పుడు గడియారంలో పదీ ఇరవై అయిదు.

*

మధ్యాహ్నం భీమరాజు భోజనానికి కూర్చున్నాడు. బంగారమ్మ అన్నం వడ్డించింది, పప్పు వేసింది, నెయ్యి వేసింది. కంచం పక్కన రోజూలాగే రెండు మాత్రలు పెట్టింది.

"వాడు తీయలేదని అనలేదు," అన్నాడు భీమరాజు, పప్పన్నం కలిపి తినకుండా. "విన్నావా? ఒక్కసారి కూడా అనలేదు."

"సంచి విప్పించాల్సింది కాదండి."

"ఇంకేం చెయ్యమంటావు?"

"అంతమాట పడాల్సిన మనిషా?"

"అదే నేనూ అంటున్నాను. అంతమాట పడ్డ మనిషి కాదనొద్దా? తిట్టొచ్చుగా నన్ను. స్పానరు పెట్టి కొట్టొచ్చుగా. డబ్బా మూత తీసి చూపించాడు." అన్నంలో వేళ్ళు అలాగే ఉండిపోయాయి. "రాజుల ఇంట పుట్టి స్టీరింగు పట్టాడని మా అన్నదమ్ములే నన్ను పంక్తిలో పక్కన కూర్చోబెట్టుకోలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు కలకత్తా బియ్యం తోలాను. పక్కసీటులో వాడే. నాకు ఈ ఊళ్ళో ఇంకెవరున్నారు?"

బంగారమ్మ గ్లాసులో మజ్జిగ పోసింది.

భీమరాజు మాత్రలు నోట్లో వేసుకుని మజ్జిగతో మింగాడు. కార్తీకమాసం నుంచి అలవాటు. బలానికని డాక్టరుగారు రాశారని ఆమే చెప్పింది.

"వెళ్ళి అడుగుతాను," అంటూ లేచాడు. "తీయలేదని ఒక్క మాట అనమంటాను. అంటే చాలు. నమ్ముతాను."

"ఇంత ఎండలోనా? వద్దండి."

"ఎందుకు వద్దు?"

బంగారమ్మ కంచం తీసింది. కంచంలో అన్నం అంతా అలాగే ఉంది.

*

యెహెజ్కేలు ఇల్లు పేటలో మూడో వీధి. గుమ్మంలో ఏసమ్మ బియ్యంలో మెరికలు ఏరుతోంది. భీమరాజును చూసి లేచి, కొంగు సర్దుకుని, కుర్చీ తెచ్చి వేసింది. మర్యాద అంతా అయ్యాక అంది:

"కూర్చోండి రాజుగారండి. పొద్దున్న సంచి చూశారంట. ఇల్లు కూడా చూస్తారేంటి? పెట్టెకి తాళం లేదులెండి, మీకు శ్రమ ఉండదు."

"ఏసమ్మా," అన్నాడు లోపలనుంచి యెహెజ్కేలు.

"ఏం, అనకూడదా? అన్నం డబ్బా మూత తీయించాక నేను మాటన్నా అనకూడదా?"

భీమరాజు కూర్చోలేదు. "అనమ్మా. అనిపించుకోడానికే వచ్చాను. కానీ ముందు వాణ్ణి ఒక్క మాట చెప్పమను."

యెహెజ్కేలు బయటకు వచ్చి వసారా గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. చేతులు కడుక్కున్నాడు గానీ గోళ్ళ కింద గ్రీజు అలాగే ఉంది.

"ఒరే," అన్నాడు భీమరాజు. ఆ మాట అనడానికి దారంతా కూడబలుక్కుంటూ వచ్చాడు. "ఒరే, తీయలేదని చెప్పరా. తప్పయిపోయిందని ఇక్కడే, మీ వీధిలోనే, అందరూ వినేటట్టు అంటాను."

"అనకండి," అన్నాడు యెహెజ్కేలు. "నేనే తీశానండి."

ఏసమ్మ చేట కింద పెట్టేసింది. ఆమెకు అది కొత్త సంగతి కాదు. చెప్పేశాడే అన్నట్టు చూసింది.

భీమరాజు కుర్చీ వీపు పట్టుకున్నాడు. "తీసి?"

"అమ్మగారికి ఇచ్చానండి."

"ఏ అమ్మగారికి?"

అది యెహెజ్కేలు చెప్పక్కర్లేదు. అతను అమ్మగారు అని పిలిచేది ఈ భూమి మీద ఒక్కరినే.

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"ఎందుకు?"

"కార్తీకంలో ఆలమూరు కాలవగట్టు మీద మీరు బండి తోలారు, గుర్తుందాండి? నేను బాగుచేసిన మిల్లు లారీ. కాసేపు పట్టుకుంటానన్నారు."

"గుర్తు లేకేం. కళ్ళు తిరిగాయి. ఎండకి."

"కార్తీకంలో ఎండేంటండి?"

ఆ రోజు తెల్లవారుజామున మంచు కూడా పడింది. భీమరాజు ఆరు నెలలుగా ఎండ అనుకుంటూనే ఉన్నాడు. ఎండ అని ఎవరు చెప్పారో ఇప్పుడు గుర్తొచ్చింది. బంగారమ్మ.

"మీరు నా వంక చూశారండి," అన్నాడు యెహెజ్కేలు. "నన్ను ఎరగలేదు. ఎవరు నువ్వు అన్నారు. కాలు మాత్రం యాక్సిలేటరు మీదే ఉంది. పెదవులు ఏదో నములుతున్నట్టు ఆడుతున్నాయి. ఎదురుగుండా బళ్ళోకెళ్ళే ఆడపిల్లలు, సైకిళ్ళ మీద, ఏడెనిమిదిమంది. నేను స్టీరింగు లాగాను. చక్రం గట్టు అంచున ఆగింది. ఆగాక మీరు, ఏరా, ఎందుకాపావు అన్నారు."

"ఆ పిల్లలు..."

"ఏం కాలేదండి. నవ్వుకుంటూ పోయారు."

"డాక్టరు ఏమన్నాడు?"

"మూర్ఛలో ఒక రకమంట. పడిపోరంట. కాసేపు మనిషి ఉండరంట, అంతే. మాత్రలు వేసుకుంటే ఇంట్లో మామూలుగా ఉండొచ్చు. స్టీరింగు మాత్రం ఈ జన్మకి వద్దన్నారు. కాకినాడలో మిమ్మల్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి అమ్మగారికి చెప్పారు. అమ్మగారు నాకు చెప్పారు."

"నాకు తప్ప అందరికీ."

ఏసమ్మ తల దించుకుంది.

భీమరాజు మెల్లగా, బండి గేరు దించినట్టు, ఒక్కో మాటా దించి అడిగాడు. "బండి విప్పుదామని నువ్వే కదరా అన్నావు. తుప్పు పట్టిపోతోంది, కొత్తగా చేద్దాం రాజుగారండి అని, మా ఇంటికొచ్చి నువ్వే అన్నావు."

"ఆయ్."

"ఎందుకన్నావు?"

"విప్పితే తోలరు కదండీ."

అదీ దెబ్బ. క్యాపు పోవడం కాదు, మాత్రలు కాదు. ఆరు నెలలు పొద్దున్నే లేచి, పంచె ఎగ్గట్టి, వాల్వులు అరగదీసి, పిస్టన్లకు రింగులు తొడిగి, ఇవాళ ఇంత పనయిందని రాత్రి భోజనం దగ్గర చెప్పుకుంటుంటే, బంగారమ్మ ఊఁ కొట్టేది. పగలు సావిట్లో ఇతనూ ఊఁ కొట్టేవాడు. ఏడ్చే పిల్లాడికి తాళంచేతుల గుత్తి ఇచ్చి కూర్చోబెట్టినట్టు తనకు ఇంజను ఇచ్చి కూర్చోబెట్టారు.

"పూర్తి కాకుండా చూడమన్నారండి అమ్మగారు," అన్నాడు యెహెజ్కేలు. "గాస్కెట్టు రాలేదనీ, స్లీవు సైజు తప్పిందనీ నెట్టుకొచ్చాను. కానీ పనిలో దిగాక చేతులు నా మాట వినలేదండి. తప్పుడు పని చెయ్యలేకపోయాను. ఇంజను తయారైపోతోంది. అప్పుడు అమ్మగారు అడిగారు, ఏది ఒక్కటి లేకపోతే ఇది ఎప్పటికీ లేవదూ అని."

"చూపించావు."

"తీసి చేతిలో పెట్టానండి. అమ్మగారు చెంగుతో అందుకున్నారు."

భీమరాజు కుర్చీ వదిలేశాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"పొద్దున్న నేను నిన్ను తప్పుగా అనుకోలేదన్నమాట."

"లేదండి."

"అనుకునుంటే బాగుండేదిరా," అన్నాడు భీమరాజు.

*

బంగారమ్మ పెరటి మెట్ల మీద కూర్చుని ఉంది. ఆ మెట్లు దిగితే కాలవ రేవు. భర్త వచ్చిన అలికిడికే ఆమెకు తెలిసిపోయింది. లేవలేదు.

భీమరాజు మాత్రల అట్ట తెచ్చి ఆమె పక్కన పడేశాడు.

"ఇవి దేనికి?"

"మీకు తెలిసింది కదండీ."

"నువ్వు చెప్పు. యెహెజ్కేలు చెప్పాడు. ఏసమ్మకి కూడా తెలుసు. నా జబ్బు సంగతి పేట అంతా తిరిగొచ్చాక నాకు తెలిసింది. నీ నోటంట ఒక్కసారి వినాలనుంది."

"చెబితే మింగేవారా?"

"చెప్పి చూడాల్సింది."

"ముప్పై అయిదేళ్ళు చూశానండి." ఆమె మాత్రల అట్ట ఒళ్ళోకి తీసుకుంది. "జ్వరమొచ్చిన ఒంటితో రాయగడ పోతానంటే ఆగారా? చెయ్యి విరిగి కట్టు కట్టించుకుని, ఆ కట్టుతోనే గేరు వేస్తానన్నారు. నేను వద్దన్నది ఎప్పుడు విన్నారు?"

"అందుకని ఆటబొమ్మ ఇచ్చావు."

"ఆటబొమ్మ అనకండి."

"ఇంకేమనను? నేను దానికి పిస్టను ఎక్కిస్తుంటే, పాపం ఆడుకుంటున్నాడని మీరిద్దరూ చూస్తూ కూర్చున్నారు. నవ్వుకున్నారా?"

"నవ్వుకున్నట్టే కనిపించిందాండి మీకు?" అంది బంగారమ్మ. "ఆరు నెలలు మీరు ఇంట్లో వేడన్నం తిన్నారు. చేతులనిండా పని. రాత్రి పడుకుంటే పొద్దున్నే లేచేవారు. ఇన్నాళ్ళ కాపురంలో ఆరు నెలలు వరసగా మిమ్మల్ని చూడ్డం నాకు ఇదే మొదలు. అది అయిపోతోందని భయపడ్డాను. అంతే నేను చేసిన తప్పు." కాస్త ఆగి అంది. "అది ఒక్కటే అయితే తీసేదాన్ని కాదేమో. మీ ఒక్కరి సంగతైతే మీ ఇష్టమని ఊరుకునేదాన్నేమో. ఆ సైకిళ్ళ పిల్లలు నాకు కల్లోకొస్తున్నారండి. వాళ్ళ మొహాలు నేను చూడలేదు. అయినా వస్తున్నారు."

ఆ మాట నిజమైనందుకు భీమరాజుకు మరింత కోపం వచ్చింది.

"క్యాపు ఏది?"

ఆమె చెంగు వేలికి చుట్టుకుంది.

"ఎక్కడ పెట్టావు?"

"పెట్టలేదండి. పారేశాను." చెయ్యెత్తి చూపించింది. "మూడో మెట్టు మీద నిలబడి విసిరాను. బట్టలుతకడానికి వెళ్ళినప్పుడు. నవమి పందిళ్ళు విప్పిన మర్నాడు."

భీమరాజు కాలవ వంక చూశాడు.

అప్పుడు కాలవ నిండుగా పారుతోంది. ఇప్పుడు కాదు. ఏటా ఎండల్లో మరమ్మతులకని కట్టేసినట్టే, ఆనకట్ట దగ్గర తలుపులు దించేసి అయిదు రోజులైంది. రేవులో ఆరో మెట్టు దాకా బయటపడింది. నడుమ మోకాలిలోతు నీరు, ఆ కింద నల్లటి బురద. కొంగలు తీరిగ్గా నడుస్తున్నాయి.

"కాలవ కట్టేస్తారని తెలియదా నీకు?" అన్నాడు.

బంగారమ్మ పుట్టింది కాలవ ఒడ్డున. కాపురానికి పడవలో వచ్చింది. ఏ నెలలో నీళ్ళు వస్తాయో, ఏ నెలలో పోతాయో ఆమెకు ఒకరు చెప్పాలా? నూతిలో వేస్తే ఎవరికీ దొరికేది కాదు. నుయ్యి సావిడి పక్కనే ఉంది.

"తెలుసా, తెలియదా?"

ఆమె మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని నీళ్ళ వంకే చూస్తోంది. తెలుసనీ అనలేదు, తెలియదనీ అనలేదు.

భీమరాజు పంచె ఎగ్గట్టి మెట్లు దిగాడు.

"పాకుడుందండి. చూసి దిగండి," అంది, అలవాటు కొద్దీ.

బురద పిక్కల దాకా లాగింది. మూడో మెట్టు మీద నిలబడ్డ ఆడమనిషి విసిరితే ఎంత దూరం పోతుందో అంచనా కట్టుకుని, వంగి, రెండు చేతులూ నీళ్ళలో పెట్టాడు. పెంకులు తగిలాయి. గాజుముక్క గుచ్చుకుంది. ఒక చెప్పు. మళ్ళీ పెంకులు. చెమట కళ్ళలోకి కారుతోంది.

గట్టు మీద నీడ పడింది. యెహెజ్కేలు. సామాను తీసుకుపోవడానికి వచ్చాడేమో, ఖాళీ సంచి భుజాన ఉంది.

"రాజుగారండి, మీరు పైకి రండి. నేను దిగుతాను."

"నువ్వు దిగకు."

"ఒంటరిగా నీళ్ళలో ఉండకూడదండి మీరు."

"అది కూడా డాక్టరే చెప్పాడా?"

యెహెజ్కేలు చెప్పులు విడిచి మొదటి మెట్టు మీద నిలబడ్డాడు. దిగలేదు. వెళ్ళనూలేదు. బంగారమ్మ కూడా లేచి నిలబడింది. అతను ఎప్పుడు తూలితే అప్పుడు పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టు ఇద్దరి చేతులూ కాస్త ముందుకు వచ్చి ఉన్నాయి. ఆరు నెలలుగా వాళ్ళిద్దరూ అలాగే నిలబడి ఉన్నారని భీమరాజుకు అప్పుడు కనిపించింది. కనిపించినా చల్లారలేదు.

మళ్ళీ వంగాడు. మోచెయ్యి దాకా బురదలోకి పోనిచ్చాడు.

వేళ్ళకు ఇనుము తగిలింది.

రాయి కాదని ముట్టుకున్న క్షణంలోనే తెలిసింది. వంపు తెలిసింది, బోల్టు కన్నం తెలిసింది. ఇంకా గ్రీజు వదల్లేదు. బొటనవేలితో పైభాగం తడిమాడు. ఒక చుక్క. పక్కన ఇంకోటి. మూడు. నాలుగు.

అది చేతిలో ఉంటే రేపు పొద్దున్న క్రాంకు కూర్చుంటుంది. వారం తిరిగేసరికి ఇంజను మోగుతుంది. ఆపగలిగినవాడు లేడు.

సైకిలు బెల్లు ఎక్కడో గట్టు మీద మోగింది. భీమరాజు తలెత్తలేదు.

"దొరికిందాండి?" అంది బంగారమ్మ.

అతను బురదలో చెయ్యి అలాగే ఉంచి, మెట్ల మీది ఇద్దరి మొహాలూ ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. ఇన్నాళ్ళకు, వాళ్ళిద్దరికీ తెలియనిది ఒకటి అతని గుప్పిట్లో ఉంది.

"ఏమండీ, దొరికిందా?"

అతని వేళ్ళు బిగిశాయి. చెయ్యి మాత్రం నీళ్ళలోంచి పైకి రాలేదు.